పదేళ్లు దాటిన కార్లలో ఏ కంపెనీది నమ్మకంగా నిలబడింది?

మానేరు_తీరం · కరీంనగర్

అందరికీ నమస్కారం. కొత్త కారు కొనాలనుకుంటున్నాం. నాన్నగారు కొన్న పాత బండిని ఆర్‌సీ పదిహేనేళ్లూ వాడాం. ఇప్పుడు కొనేది కూడా అంతకాలం ఉండాలని ఇంట్లో అందరి పట్టుదల. బడ్జెట్ 12 లక్షల లోపు. రోజూ ఊళ్లోనే తిరుగుడు, నెలకోసారి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్.

యూట్యూబ్‌లో చూద్దామంటే రివ్యూలన్నీ కొత్త బండి గురించే. సన్‌రూఫ్ ఎంత పెద్దది, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, ఇదే గోల. ఎనిమిదో ఏట ఆ బండి ఎంత ఖర్చు పెట్టిస్తుందో ఒక్కరూ చెప్పరు. జర్మనీలో టీయూవీ వాళ్లు తనిఖీకి వచ్చిన కార్లలో ఏ మోడల్ ఏ వయసులో ఎంత శాతం ఫెయిలయిందో ఏటా అచ్చువేస్తారు. బ్రిటన్‌లో ఎంఓటీ తనిఖీల వివరాలను ప్రభుత్వమే బయటపెడుతుంది. మనకు అలాంటిదేమీ లేదు, వాడినవాళ్ల మాటే దిక్కు.

రెండు విన్నపాలు. ఎనిమిదేళ్లో లక్ష కిలోమీటర్లో దాటిన బండ్ల గురించే రాయండి. మీ సొంత బండి ఇబ్బంది పెట్టి ఉంటే కంపెనీ పేరు వద్దు. ఏ రకం ఇంజన్, ఏ రకం గేర్‌బాక్స్, మీరు ఎలా వాడారు, అది చెప్పండి చాలు. పోయినసారి ఇలాంటి చర్చ రెండు కంపెనీల అభిమానుల కొట్లాటగా మారి మూతపడింది.

గోదారి_గట్టు · రాజమహేంద్రవరం

మా బావగారికి ట్రావెల్స్ ఉంది, కాబట్టి నా ఓటు టయోటాకే. పాత ఇన్నోవా, 2005 నుంచి, దాని తర్వాతి మోడల్ క్రిస్టా వచ్చిన 2016 దాకా అమ్మిన 2.5 డీజిల్. ఆయన బండ్లలో ఒకటి నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. ఇంతవరకు ఇంజన్ విప్పలేదు. తిరుపతి, షిర్డీ, శబరిమల, పెళ్లిళ్ల సీజన్ అయితే రాత్రీ పగలూ తేడా లేదు. క్లచ్ ప్లేట్లు, సస్పెన్షన్ బుష్‌లు, టైమింగ్ బెల్టు (ఇంజన్ లోపల వాల్వులను పిస్టన్లతో లెక్క తప్పకుండా నడిపేది), ఇవన్నీ అరుగుడు సామాన్లు, లెక్క ప్రకారం మార్చుకుంటూ పోయాడు.

అది అంతకాలం ఉండడానికి కారణం ఉంది. 2494 సీసీ ఇంజన్, ఇచ్చే పవర్ 102 హార్స్‌పవర్ మాత్రమే. ఇప్పుడొచ్చే 1.5 లీటర్ డీజిళ్లు 115 దాకా ఇస్తున్నాయి. పెద్ద ఇంజన్ దగ్గర తక్కువ పని చేయించుకుంటే అది నిదానంగా అరుగుతుంది. పైగా ఛాసిస్ వేరు, బాడీ వేరు. గతుకుల రోడ్డు మీద ఎనిమిది మందిని ఎక్కించుకుని తిరిగినా బాడీ లూజు కాదు.

ఓరుగల్లు_బండి · హనుమకొండ

గోదారి గారూ, ఇన్నోవా విషయంలో మీ మాట కాదనను. కానీ మానేరు అన్న బడ్జెట్ 12 లక్షలు. ఆ డబ్బుకు టయోటా షోరూంలో దొరికేది గ్లాంజా, టైజర్. గ్లాంజా అంటే మారుతి బాలెనో. టైజర్ అంటే ఫ్రాంక్స్. రూమియన్ అంటే ఎర్టిగా. 2019 నుంచి రెండు కంపెనీలూ ఇలా బండ్లు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ముందు లోగో టయోటాది, ఇంజనూ గేర్‌బాక్సూ సుజుకీవి. మంచి బండ్లే, కొనొద్దని అనట్లేదు. ఇన్నోవా సంపాదించిన పేరును వాటికి అంటించి లెక్క వేసుకోకండి, అంతే.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 1.3 డీజిల్ ఇంజన్ ఒకటి ఉండేది, ఫియట్ తయారీ. దాన్ని మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది, ఫియట్ మల్టీజెట్ అంది. స్విఫ్ట్, డిజైర్, విస్టా, పుంటో, అన్నింట్లో అదే. ట్యాక్సీ స్టాండులో డిజైర్ డ్రైవర్‌ని అడిగితే మారుతిని పొగుడుతాడు. ఆ పొగడ్తలో సగం ఫియట్‌కు చెందాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు పూర్తిగా ఆపేసింది. కాబట్టి అప్పటి డీజిల్ స్విఫ్ట్ అనుభవం ఇప్పుడు కొనేవాళ్లకు పనికిరాదు.

మాది వ్యాగన్ఆర్, 1.0 పెట్రోల్, మాన్యువల్. పన్నెండేళ్లు దాటింది. గొప్ప బండి అనను, హైవే మీద లారీ పక్కనుంచి పోతే ఊగుతుంది. కానీ ఏ మండల కేంద్రంలో ఆపినా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉంటాడు. ఏ పార్టయినా సాయంత్రానికి చేతికొస్తుంది. పదో ఏట ఇది ఎంత పెద్ద విషయమో అప్పుడు తెలుస్తుంది.

కొండవీడు · గుంటూరు

హోండా సిటీ, 1.5 ఐ-వీటెక్ పెట్రోల్, 2010 మోడల్. లక్షా డెబ్బై వేలు దాటింది. ఇప్పటికీ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆన్‌లో ఉందో లేదో మీటరు చూస్తేనే తెలుస్తుంది. టైమింగ్ బెల్టుకు బదులు చైన్ ఉన్న ఇంజన్, బెల్టు బాధ లేదు. ఒక్కటి మాత్రం చాలామంది వదిలేస్తారు, టాపెట్ గ్యాప్ చెకింగ్ (వాల్వుల దగ్గరి సన్న సందు కొలిచి సరిచేయడం). అది నలభై వేలకోసారి చేయించాను. కింద ఎత్తు తక్కువ, పల్లెటూరి స్పీడ్ బ్రేకర్ల దగ్గర జాగ్రత్త పడాల్సిందే.

ఇంకో మాట. రీకాల్ వార్త చూసి కంపెనీని తీసిపారేయకండి. 2020 జూన్‌లో హోండా 65,651 కార్లను, జులైలో మారుతి 1,34,885 వ్యాగన్ఆర్, బాలెనోలను ఫ్యూయల్ పంప్ కోసం వెనక్కి పిలిచాయి. పార్టు ఉచితంగా మార్చారు. మీ ఛాసిస్ నంబరు కంపెనీ సైటులో కొడితే రీకాల్ పెండింగ్ ఉందో లేదో చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది తప్పక చూడాలి. పాత ఓనర్ చేయించకుండా వదిలేసినవి ఉంటాయి.

ఆటోనగర్_షెడ్డు · విజయవాడ

చర్చ అంతా చదివాను. పదేళ్లు దాటిన బండ్లే నాకు తిండి పెడుతున్నాయి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీరంతా కంపెనీల పేర్లు చెప్తున్నారు. నా షెడ్డులో కనిపించేది వేరు. ఒకే మోడల్, ఒకే ఏడాది బండ్లు రెండు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒకటి లక్షన్నర తిరిగినా ఇంజన్ గుట్టుగా ఉంటుంది. రెండోదానికి ఎనభై వేలకే హెడ్ దించాలి. తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత తిప్పి తీస్తాను. మూత లోపలి వైపు తేనె రంగులో శుభ్రంగా ఉంటే ఆ ఓనరు ఆయిల్ టైముకు మారుస్తున్నాడు. నల్లగా ఉండి వేలికి జిగటగా అంటుకుంటే, గోరుతో గీకినప్పుడు మీగడలా పొర లేస్తే, ఆ బండి ఇంక ఏ కంపెనీది అయినా ఒకటే. ఆ మడ్డి కిందికి దిగి ఆయిల్ లాగే జాలీకి పడుతుంది. ఆయిల్ పైకెక్కదు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే సామాను) ఉంటే ముందు అది పోతుంది, తర్వాత క్యామ్, తర్వాత బేరింగులు.

ఎక్కువ తిరిగే బండి పాడవుతుందని అందరూ అనుకుంటారు. ట్రావెల్స్ బండ్లు నెల తిరక్కుండా ఆయిల్‌కు వస్తాయి, వాటికి ఏమీ కాదు. నాకు ఎక్కువ పని పెట్టేది ఏడాదికి మూడు నాలుగు వేలు తిరిగే ఇంటి బండ్లు. పది వేలకు కదా ఆయిల్ అని మూడేళ్లు అలాగే ఉంచుతారు. పుస్తకంలో ‘పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది’ అని రాసి ఉంటుంది. ఆ రెండో సగం ఎవరి కళ్లకూ కనపడదు.

ఇక మన ఎండలు. మే నెలలో నా దగ్గరికి వచ్చే పెద్ద పనులు చాలావరకు ఇంజన్ కాగినవే. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోసేస్తారు. మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. రేడియేటర్ సన్న గొట్టాల్లో తెల్లగా పేరుకుపోయి దారి మూసుకుపోతుంది, థర్మోస్టాట్ బిగుసుకుంటుంది. ఇప్పటి ఇంజన్లకు హెడ్ అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా కాగితే వంకర తిరుగుతుంది, గ్యాస్కెట్ ఎగిరిపోతుంది. ఎర్ర లైటు వెలిగాక ‘పెట్రోల్ బంకు దాకానే కదా’ అని లాగించినందుకు అరలక్ష వదిలించుకున్నవాళ్లను చూశాను. లైటు వెలిగితే పక్కకు తీసి ఆపేయండి. టో వ్యాన్ ఖర్చు దానిముందు ఏపాటిది?

టైమింగ్ బెల్టు సంగతి. గోదారి గారి ఇన్నోవాకు బెల్టు. పాత శాంత్రో జింగ్‌కు బెల్టు. సిటీ, ఇప్పటి స్విఫ్ట్, ఐ10 కప్పా ఇంజన్లకు చైను. చాలా ఇంజన్లలో బెల్టు తెగిందంటే పిస్టన్లు వచ్చి వాల్వులకు తగులుతాయి, వాల్వులు వంగిపోతాయి. బెల్టుకు కిలోమీటర్లతో పాటు వయసు కూడా లెక్కే. రబ్బరు కదా, నిలబెట్టినా ఎండిపోతుంది. చైన్‌కు ఆ బాధ లేదు, కానీ ఆయిల్ చెడితే చైన్ సాగుతుంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు గరగరమని రెండు మూడు సెకన్లు శబ్దం వస్తే అనుమానించాలి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు కార్లు పైకప్పు దాకా మునిగాయి. నీళ్లు తీశాక తాళం తిప్పకుండా అలాగే తోసుకొచ్చిన బండ్ల ఇంజన్లు చాలావరకు బతికాయి. స్టార్ట్ అవుతుందేమో చూద్దామని సెల్ఫ్ కొట్టినవాటిలో నీళ్లు సిలిండర్లో ఇరుక్కుని కనెక్టింగ్ రాడ్లు వంగాయి. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉన్నవాళ్లు గట్టెక్కారు. ఇంజన్ బతికిన బండ్లకు కూడా ఏడాది తర్వాత వైరింగ్ గొడవలు మొదలయ్యాయి. కనెక్టర్ విప్పితే పిన్నులు ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంటున్నాయి. మా ప్రాంతపు సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర బురద మరక ఉందేమో చూడండి.

ఏ కంపెనీ అని మా చెల్లెలు అడిగితే నేను చెప్పేది ఇదీ: టర్బో లేని పెట్రోల్, మాన్యువల్, ఊళ్లో బాగా అమ్ముడైన మోడల్. ఆ మూడూ కుదిరితే లోగో నీ ఇష్టం.

మానేరు_తీరం · కరీంనగర్

షెడ్డు అన్నా, చాలా థ్యాంక్స్. మాన్యువల్ దగ్గరే మాకు చిక్కు. అమ్మ కూడా నడుపుతుంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. క్లచ్ తొక్కలేనంటోంది. ఆటోమేటిక్‌లో ఏది ఎక్కువకాలం నిలుస్తుంది?

ఐటీ_కారిడార్ · హైదరాబాద్

దీనికి నేను జవాబు చెప్పగలను, ఖర్చు పెట్టి నేర్చుకున్నాను కాబట్టి. మాది ఏడు గేర్ల డ్రై డ్యుయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే ఆటోమేటిక్) బండి, కంపెనీ పేరు వద్దన్నారు కాబట్టి రాయను. ఓపెన్ రోడ్డు మీద దాని అంత బాగా నడిచే గేర్‌బాక్స్ ఇంకోటి లేదు. కానీ నేను నడిపేది సాయంత్రం ఆరున్నరకు మైండ్ స్పేస్ నుంచి కూకట్‌పల్లి. బ్రేక్ వదిలితే బండి అంగుళం అంగుళం పాకుతుంటుంది. అలా పాకిన ప్రతిసారీ లోపల క్లచ్ సగం పట్టి సగం జారుతుంది. ఆయిల్ లేని క్లచ్, చల్లబడే దారి తక్కువ. వేడెక్కి మీటరులో హెచ్చరిక వచ్చేది. వారంటీ అయిపోయాక వణుకు మొదలైంది. క్లచ్ ప్యాక్, దాన్ని నడిపించే యూనిట్ కలిపి లక్షకు పైగా ఎస్టిమేట్ ఇచ్చారు. ఆ రోజు నాకు పట్టిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇది ఒక్క మా బండి కథ కాదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 2013లో చైనాలో డీఎస్‌జీ అనే తన డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ లోపంతో 3,84,181 కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. అమెరికాలో ఫోర్డ్ ఫియస్టా, ఫోకస్‌లకు పెట్టిన డ్యుయల్ క్లచ్ మీద కొనుగోలుదారులంతా కలిసి కోర్టుకెక్కారు. ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు డ్రై డ్యుయల్ క్లచ్ వద్దని నేను గట్టిగా చెప్తాను.

మిగతావి: ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని కాలికి బదులు ఒక యంత్రం చేస్తుంది. 2014లో సెలేరియోతో మన దేశానికి వచ్చింది. గేరు మారేటప్పుడు తల ఊగుతుంది, కానీ క్లచ్ ప్లేటు పోతే మాన్యువల్ ఖర్చే ఇంచుమించు. సీవీటీ అంటే గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్, మెత్తగా పోతుంది, దాని ఆయిల్ అదే కంపెనీ చెప్పిన రకం, చెప్పిన టైముకు మార్చాలి. పాతకాలపు టార్క్ కన్వర్టర్ మైలేజీ కొంచెం తక్కువ ఇస్తుంది, కానీ దీర్ఘకాలానికి నా నమ్మకం దాని మీదే. లోపల శక్తిని అందించేది ఆయిల్, ట్రాఫిక్‌లో పాకినా అరిగే ప్లేటు ఉండదు. అమ్మగారి కోసం అయితే టార్క్ కన్వర్టర్ చూడండి, లేదంటే టర్బో లేని పెట్రోల్‌తో వచ్చే సీవీటీ.

ఫ్రిస్కో_తెలుగు · టెక్సాస్

ఇక్కడ కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తన సభ్యుల్ని ఏటా అడిగి మోడల్ వారీగా మార్కులు వేస్తుంది. టయోటా, లెక్సస్, సుబారు ఈమధ్య పైవరుసలోనే ఉంటున్నాయి. మన వాళ్లు అమెరికా రాగానే క్యామ్రీయో అకార్డో కొనేది అందుకే. నేనూ అంతే, నా క్యామ్రీ లక్షా ఎనభై వేల మైళ్ల దగ్గర ఉంది.

అయితే కంపెనీ పేరు మీద గుడ్డి నమ్మకం ఇక్కడ కూడా దెబ్బతిన్నది. 2024లో టయోటా లక్షకు పైగా టండ్రాలు, లెక్సస్ ఎల్‌ఎక్స్‌లు వెనక్కి పిలిచింది. ఇంజన్ తయారీలో లోహపు రజను లోపలే ఉండిపోయి బేరింగులు తినేస్తోంది. అంతకుముందు హ్యుందాయ్, కియా థీటా 2 ఇంజన్లది ఇలాంటి కథే, ఇంకా చాలా పెద్దది. 2015లో మొదలైన రీకాళ్లు ఏళ్లతరబడి సాగాయి. ఆలస్యం చేశారని 2020లో ఇక్కడి రవాణా భద్రతా సంస్థతో రెండు కంపెనీలూ కలిపి 21 కోట్ల డాలర్ల ఒప్పందానికి రావాల్సి వచ్చింది. ఓరుగల్లు గారు చెప్పిందే నా మాట కూడా. ఆ లోపం ఆ ఇంజన్‌ది. ఇండియాలో ఐ10కు పెట్టిన 1.2 కప్పాకూ దానికీ ఏ సంబంధమూ లేదు. మా నాన్నగారు తెనాలిలో ఆ ఐ10నే ఇప్పటికీ నడుపుతున్నారు, దానికి వంక పెట్టలేం.

అక్కడి రివ్యూలు చూసి ఇక్కడ, ఇక్కడి మార్కులు చూసి అక్కడ కొనకండి. కంపెనీ పేరు ఒకటే, బండ్లు వేరు.

సీమ_రోడ్లు · అనంతపురం

డీజిల్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మా జిల్లాల్లో దూరాలు ఎక్కువ. బెంగళూరు పని, కర్నూలు పని, అంతా 44వ నంబరు హైవే మీదే. మాకు డీజిలే సరి.

కానీ 2020 తర్వాతి బీఎస్6 డీజిల్ వేరే జాతి. సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది, పొగలోని మసిని పట్టేస్తుంది. ఆ మసిని అప్పుడప్పుడు బండి తనంతట తానే కాల్చుకోవాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, అంటే హైవే మీద పావుగంటైనా ఆగకుండా పోవాలి. ఊళ్లో ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు తిరిగే బండికి ఆ వేడి ఎప్పటికీ రాదు. మంట మొదలై సగంలో ఆగిపోతుంటే చాలా ఇంజన్లలో కాలని డీజిల్ కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. మా పిన్నివాళ్ల బండికి అదే జరిగింది. ఊరి వాడకం, ఏడాదిన్నరకే ఆరెంజ్ లైటు. మా బండి కూడా అదే రకం ఇంజన్, హైవే మీద లక్ష దాటింది, ఆ లైటు రంగేంటో మేము చూడలేదు. మానేరు అన్నా, మీ వాడకానికి డీజిల్ వద్దే వద్దు.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ మా ఉమ్మడి జిల్లాకు వచ్చినందుకు గర్వంగానే ఉంది. కానీ సెల్టోస్ వచ్చింది 2019లో. పదేళ్ల బండి ఇంకా పుట్టలేదు. అందులోని 1.5 పెట్రోల్, 1.5 డీజిల్ ఇంజన్లు హ్యుందాయ్ క్రెటాలో ఉన్నవే కాబట్టి రెండింటినీ కలిపి చూసుకోవచ్చు. పల్లెల్లో మాత్రం ఇంకా బొలెరోనే రాజు. అందులో పాడయ్యేంత సున్నితమైన సామాను తక్కువ.

పాలమూరు_టీచర్ · మహబూబ్‌నగర్

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. కంపెనీ దేశంలో ఉంటుందా అని కూడా ఆలోచించాలి. జనరల్ మోటార్స్ 2017 చివరికి ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్ 9న తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. మా బండి అలా వెళ్లిపోయిన ఒక కంపెనీది. ఇంజన్, బ్రేకులు, బాడీ గట్టితనం, ఏదీ తీసివేయలేను. నిజంగా మంచి బండి. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్ల లాంటివి ఇప్పటికీ దొరుకుతాయి. కష్టమల్లా బాడీ పార్టులతో. పోయినేడు ఎవరో వెనక నుంచి గుద్దితే టెయిల్ ల్యాంప్ కోసం మా తమ్ముడు హైదరాబాద్ రాణిగంజ్ షాపులన్నీ తిరిగాడు. చివరికి పుత్లీబౌలిలో పాత బండి నుంచి తీసింది దొరికింది. పదిహేనేళ్లు ఉంచుకోవాలనుకునేవాళ్లు రోడ్డు మీద ఆ మోడల్ ఎన్ని కనిపిస్తున్నాయో ముందు చూసుకోండి. అవి ఎక్కువుంటే పార్టులు ఎవరో ఒకరు తయారు చేస్తూనే ఉంటారు.

సాగరతీరం · విశాఖపట్నం

మా దగ్గర అసలు శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో బయట పెట్టిన బండికి నాలుగైదేళ్లకే సైలెన్సర్ బోల్టులు, సస్పెన్షన్ స్ప్రింగులు, ఏసీ కండెన్సర్ మొదలవుతాయి. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. కొనేముందు ర్యాంపు ఎక్కించి కింద నుంచి చూడనిదే నమ్మొద్దు. నెలకోసారి కింది భాగం నీళ్లతో గట్టిగా కడిగించండి, వానాకాలం ముందు బ్రేక్ పైపులు చూపించండి. కరీంనగర్ వాళ్లకు ఈ బాధ లేదు, అదృష్టవంతులు.

గోదారి_గట్టు · రాజమహేంద్రవరం

ఎలుకల మాట మరిచారు. అక్కడక్కడా కాదు, ఇది ప్రతి ఊళ్లో ఉంది. బానెట్ కింద వైరు కొరికితే చెక్ లైటు వస్తుంది, సెన్సర్ పోయిందని కొత్తది అంటగడతారు. ముందు వైరింగ్ చూపించుకోండి. బండి వారంలో రెండుమూడు సార్లు కదిలితే ఎలుక కాపురం పెట్టదు.

ఓరుగల్లు గారూ, గ్లాంజా విషయంలో మీరన్నది న్యాయమే. కానీ టయోటా సర్వీసు సెంటర్ పద్ధతి వేరు, దానికి కూడా విలువ ఉంది కదండీ.

ఓరుగల్లు_బండి · హనుమకొండ

ఉంది, కాదనను. మీ ఊళ్లో బాగుంటే అక్కడే కొనండి. కానీ అది ఆ డీలరు మంచితనం. పక్క జిల్లాలో అదే బోర్డు కింద వేరే మనుషులు ఉంటారు. కొనేముందు షోరూం కాకుండా వెనకున్న వర్క్‌షాపుకు వెళ్లి, సర్వీసుకు వచ్చిన ఓనర్లతో అరగంట మాట్లాడితే చాలు.

కొండవీడు · గుంటూరు

షెడ్డు గారూ, ఈ 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో మా పాత బండ్లకు ఏమవుతుంది? ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారు.

ఆటోనగర్_షెడ్డు · విజయవాడ

2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది కదండీ. ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో మైలేజీ ఒకటి రెండు శాతం, మిగతావాటిలో మూడు నుంచి ఆరు శాతం తగ్గొచ్చని. కొన్ని పాత బండ్లకు ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు సామాన్లు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కూడా అదే ప్రకటనలో ఉంది. మీ సిటీకి ఫ్యూయల్ పైపులు, సీళ్లు ప్రతి సర్వీసులో చూపించండి. తడి కనిపించినా పెట్రోల్ వాసన వచ్చినా వెంటనే మార్చేయండి, ఖర్చు పెద్దదేమీ కాదు. బండిని నెలలతరబడి నిలబెట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, ట్యాంకులో నీరు చేరితే పంపుకు చేటు.

మానేరు_తీరం · కరీంనగర్

ఇప్పటికి ఇంట్లో తేలింది: పెట్రోల్, టర్బో లేకుండా, ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ. ఎలక్ట్రిక్ కూడా ఒకసారి అనుకున్నాం. బ్యాటరీకి చాలావరకు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు, కానీ నెక్సాన్ ఈవీ వచ్చిందే 2020లో, పదిహేనేళ్ల లెక్క అడగడానికి మనుషులే లేరు.

ఈలోగా నాన్నగారి స్నేహితుడి బండి ఒకటి అమ్మకానికి వచ్చింది. 2017 పెట్రోల్ సీవీటీ, ఒక్క చేతి బండి, అరవై వేలు తిరిగింది అంటున్నారు. కొత్తదానికి బదులు అది తీసుకుందామా అని నాన్న. షెడ్డు అన్నా, చూడ్డానికి వెళ్తే ఏమేం చూడాలి?

ఆటోనగర్_షెడ్డు · విజయవాడ

ముందు కంపెనీ సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి ఓనరు ద్వారానే సర్వీసు హిస్టరీ తీయించండి. ప్రతి ఎంట్రీలో కిలోమీటర్లు ఉంటాయి. మీటరు వెనక్కి తిప్పి ఉంటే అక్కడే దొరికిపోతుంది. సీవీటీ ఆయిల్ ఎప్పుడు మార్చారో అందులో వెతకండి. అరవై వేలకూ ఒక్కసారి కూడా మార్చకపోతే ధర తగ్గించమనడం కాదు, ఆ బండి వదిలేయండి.

ఆయిల్ మూత తీసి చూడండి, పైన చెప్పినట్టే. కూలెంట్ డబ్బాలో రంగు కనపడాలి. తుప్పు నీళ్లలా ఉన్నా, పైన నూనె తెట్టులా తేలుతున్నా వద్దు. స్కానర్ ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. లైటు వెలగకపోయినా బండి కంప్యూటర్‌లో పాత ఎర్రర్ కోడ్‌లు ఉండొచ్చు. కోడ్‌లన్నీ నిన్ననే తుడిచేసినట్టు కనిపిస్తే ఎందుకు తుడిచారో అడగండి.

నడిపేటప్పుడు ఏసీ ఆన్ చేసి, కుటుంబం మొత్తాన్ని ఎక్కించుకుని, ఎత్తున్న ఫ్లైఓవర్ మీద సగంలో ఆపి మళ్లీ కదిలించండి. సీవీటీలో జారుడో వణుకో ఉంటే అక్కడ బయటపడుతుంది.

పొద్దున్నే వెళ్లండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. కాఫీ తాగి వచ్చేయండి, మర్నాడు చెప్పకుండా మళ్లీ వెళ్లండి.